ఎర్రలైటు వెలగకముందే: కారులో ఇంజిన్ డిస్‌ప్లే బిగించుకోవడం ఎలా?

మా పాత కారులో టెంపరేచర్ ముల్లు లేదు. ఇంజిన్ చల్లగా ఉంటే నీలం లైటు, మరిగిపోతే ఎర్రలైటు, అంతే. ఒక మే నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక ఆ ఎర్రలైటు వెలిగింది. పక్కకు ఆపి బానెట్ ఎత్తి చూస్తే, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ పైపు క్లిప్పు వదులైపోయి ఉంది, డబ్బాలో చుక్క లేదు. ఇంజిన్ పై భాగాన్ని మూసి ఉంచే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్, పోయింది. మెకానిక్ ఒకటే మాట అన్నాడు: "లైటు వచ్చేసరికే ఆలస్యం సార్. ముల్లున్న బండి అయితే కాస్త ముందే తెలిసేది."

ముల్లు ఉన్న కార్లలోనూ చాలావాటిలో అది 80 డిగ్రీలకూ 100 దాటాకా ఒకేలా మధ్యలో నిలబడి ఉంటుంది. చిన్న చిన్న మార్పులకు మనం కంగారు పడకూడదని కంపెనీలే అలా పెడతాయి. అసలు అంకె మాత్రం ఇంజిన్ కంప్యూటర్ దగ్గర, అంటే ఈసీయూ దగ్గర, ప్రతి క్షణం ఉంటుంది. దాన్ని బయటికి తెచ్చి కళ్ల ముందు పెట్టుకోవడమే ఈ పని. వైరు కోయనక్కర్లేదు, డ్యాష్‌బోర్డ్ విప్పనక్కర్లేదు. ఆదివారం పొద్దున రెండు గంటలు చాలు.

ముందు మీ బండికి పనిచేస్తుందో లేదో

స్టీరింగ్ కింద, మోకాళ్ల ఎత్తులో ఫోన్ టార్చి వేసి చూడండి. కింది వైపు కాస్త ఇరుకుగా, పై వైపు వెడల్పుగా ఉండి, 16 రంధ్రాలతో ఒక సాకెట్ కనిపిస్తుంది. కొన్ని బండ్లలో చిన్న మూత వెనక ఉంటుంది. అదే ఓబీడీ పోర్ట్. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టేది దీనికే. అమెరికాలో 1996 నుంచి అన్ని కార్లకూ ఇది తప్పనిసరి. మన దగ్గర బీఎస్-4 కాలుష్య నియమాలతో పాటు 2010 ఏప్రిల్‌లో ఓబీడీ మొదటి దశ, 2013 ఏప్రిల్‌లో రెండో దశ వచ్చాయి. కాబట్టి మీది 2013 తర్వాతి పెట్రోల్ లేదా డీజిల్ కారయితే దాదాపు పనిచేస్తుందనే అనుకోవచ్చు. అంతకు ముందుదయితే పోర్ట్ ఉన్నా మాట కలవకపోవచ్చు. కొనేముందు బండికి పెట్టి చూడాల్సిందే. ఎలక్ట్రిక్ కార్లకు మాత్రం ఈ మామూలు డిస్‌ప్లేలు దండగ.

ఏది కొనాలి

షాపులో "హెచ్‌యూడీ (హెడ్-అప్ డిస్‌ప్లే) ఉందా" అని అడిగితే మూడు రకాలు చూపిస్తారు. మొదటిది జీపీఎస్‌తో నడిచేది. సిగరెట్ సాకెట్‌కు పెడితే వేగం చూపిస్తుంది. దానికీ ఇంజిన్‌కూ ఏ సంబంధమూ లేదు, మనకు అక్కర్లేదు. రెండోది బ్లూటూత్ డాంగిల్. పోర్ట్‌కు పెట్టి ఫోన్‌లో యాప్ చూసుకోవాలి. చవక, అప్పుడప్పుడు చూసుకోవడానికి బాగుంటుంది. కానీ మ్యాప్ కోసం ఫోన్ కావాల్సినప్పుడు టెంపరేచర్ కనిపించదు. పైగా వీటిలో చాలావాటి పాస్‌వర్డ్ 1234 లేదా 0000, కాబట్టి డాంగిల్‌ను బండికే వదిలేస్తే పక్కన ఆగిన వాళ్లెవరైనా జత కలుపుకోవచ్చు. మూడోది వైరుతో పోర్ట్‌కు కలిసే చిన్న తెర. నేను చెప్పేది దీని గురించే.

డబ్బులిచ్చే ముందు షాపువాణ్ని మూడు ప్రశ్నలు అడగండి. వాటర్ టెంపరేచర్, అంటే కూలెంట్ వేడి, అంకెల్లో చూపిస్తుందా? అలారం ఎన్ని డిగ్రీలకు మోగాలో మనం పెట్టుకోవచ్చా? పోర్ట్ దగ్గరి ప్లగ్గు తిన్నగా ఉందా, ఎల్ ఆకారంలో పక్కకు తిరిగి ఉందా? ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తిన్నటి ప్లగ్గు కిందికి పొడుచుకొచ్చి, దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు మోకాలికి తగులుతూ ఉంటుంది. నాలుగు నెలలకు పోర్టే కదిలిపోతుంది. ఎల్ ప్లగ్గే తీసుకోండి. రాణీగంజ్‌లో కొన్నా, ఆటోనగర్‌లో కొన్నా, బండి షాపు ముందుకు తెచ్చి, ప్లగ్గు పెట్టి, ఇంజిన్ ఆన్ చేసి, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో), టెంపరేచర్ కనిపించాకే డబ్బివ్వండి. ఆన్‌లైన్‌లో అయితే వాపసు గడువు చూసుకోండి.

షాపువాడు "మేమే బిగిస్తాం సార్" అంటాడు. బిగించనివ్వండి, తప్పేం లేదు. వైరు కోసి టేపు చుట్టబోతే మాత్రం ఆపేయండి. ఈ డిస్‌ప్లేకి కరెంటూ, సమాచారమూ రెండూ ఆ పోర్ట్ నుంచే వస్తాయి. 16వ పిన్నులో బ్యాటరీ 12 వోల్టులు, 4లో ఎర్త్ ఉంటాయి. కొత్త బండ్లలో సమాచారం 6, 14 పిన్నుల మీదుగా నడుస్తుంది. కోయాల్సిన వైరంటూ ఏదీ లేదు.

ఎక్కడ అంటించాలి

అంటించకముందు సీటులో మామూలుగా కూర్చుని డిస్‌ప్లేను చేత్తో పట్టుకుని నాలుగు చోట్ల పెట్టి చూడండి. రోడ్డు మీంచి చూపు కొంచెం కిందికి దించితే కనిపించాలి, తల తిప్పాల్సిన పని ఉండకూడదు. స్టీరింగ్‌కు కుడి పక్కన, అద్దం మొదలయ్యే మూల నాకు బాగా కుదిరింది. అయితే కుడి మలుపులో నడిచి వచ్చే మనిషిని అద్దం పక్కన ఉండే స్తంభం ఎలాగూ కొంత దాచేస్తుంది. దానికి తోడు మీ డిస్‌ప్లే కూడా దాచేలా ఉంటే ఇంకాస్త కిందికి జరపండి.

ఎడమ వైపు డ్యాష్‌బోర్డ్ పైన ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న చోట ఏమీ అంటించకండి. ప్రమాదంలో ఆ మూత తెరుచుకున్న వేగానికి మీ డిస్‌ప్లే ముందు సీట్లో ఉన్నవాళ్ల ముఖం మీదికి వస్తుంది. దేవుడి బొమ్మకూ ఇదే వర్తిస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పడం కష్టమే అయినా.

ఇక అంటించడం. కారు కడిగించినప్పుడు డ్యాష్‌బోర్డ్‌కు మెరుపు పాలిష్ కొడతారు కదా, దాని మీద ఏ టేపూ నిలవదు. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్ గుడ్డకు అద్ది, అంటించే చోటును రెండుసార్లు తుడిచి, ఆరనివ్వండి. పెట్టెలో వచ్చిన టేపు పల్చగా ఉంటే పారేసి మంచి డబుల్ సైడ్ టేపు వేయండి. ఎండలో నిలిపిన బండిలో డ్యాష్‌బోర్డ్ మీద చెయ్యి పెట్టలేం, నాసిరకం జిగురు ఆ వేడికి కారిపోతుంది. నొక్కి అంటించాక ఒక రాత్రి వదిలేస్తే బాగా పడుతుంది.

వైరు నడపడం

అసలు పని ఇదే. తొందరపడితే ప్రాణం మీదికి వచ్చేదీ ఇక్కడే, ఎందుకంటే పోర్ట్ సరిగ్గా పెడల్స్ పైన ఉంటుంది. వేలాడే వైరు క్లచ్‌కో, బ్రేక్‌కో చుట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కావాల్సినవి: పది కేబుల్ టైలు, ఒక టార్చి, వైరును సందుల్లోకి నెట్టడానికి గడువు తీరిన ఏటీఎం కార్డు. స్క్రూడ్రైవర్ వాడకండి, ప్లాస్టిక్ గీసుకుపోతుంది.

తాళం తీసేసి, ముందు డిస్‌ప్లే వైపు నుంచి మొదలుపెట్టండి. పోర్ట్ వైపు నుంచి మొదలుపెడితే చివర్లో వైరు చాలదు, లేదా మూరెడు మిగులుతుంది. డిస్‌ప్లే నుంచి వైరును డ్యాష్‌బోర్డ్‌కూ అద్దానికీ మధ్య ఉన్న సందులోకి కార్డుతో నెట్టుకుంటూ కుడి మూలకు తీసుకురండి. డ్రైవర్ డోర్ తెరిస్తే డోర్ చుట్టూ రబ్బరు బీడింగ్ ఉంటుంది. చేత్తో లాగితే కొద్దిగా ఊడి వస్తుంది. వైరును దాని కిందికి పెట్టి మళ్లీ నొక్కేయండి. అలా డ్యాష్‌బోర్డ్ పక్క అంచు దాకా దించి, అక్కడి నుంచి స్టీరింగ్ కింది ప్యానెల్ వెనక్కి తిప్పి, పోర్ట్ దగ్గరకు చేర్చండి.

స్తంభం మీది ప్లాస్టిక్ మూత మాత్రం ఊడదీయొద్దు. ఆరు ఎయిర్‌బ్యాగుల బండ్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ పైకప్పు అంచు నుంచి ఆ స్తంభం దాకా ఉంటుంది. దాని ముందు వైరు అడ్డంగా పోకూడదు. కింద ఎక్కడైనా పసుపుపచ్చ తొడుగు ఉన్న వైర్లు, పసుపు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి. ముట్టుకోకండి, మీ వైరును వాటికి కట్టకండి.

మిగిలిన వైరును అరచేతి పొడవు చుట్టగా చుట్టి, రెండు టైలు వేసి, ప్యానెల్ వెనక ఉన్న మామూలు వైర్ల కట్టకు పైకి కట్టేయండి. స్టీరింగ్ రాడ్డుకు గానీ, పెడల్ చేతులకు గానీ కట్టకండి. అవి కదిలే వస్తువులు. ఇప్పుడు ప్లగ్గు పోర్ట్‌లో పెట్టండి. తిరగేస్తే పట్టదు, బలవంతం చేయకండి.

తర్వాత ఈ పరీక్ష. ఇంజిన్ ఆపి ఉండగానే మూడు పెడల్స్‌నూ ఒక్కొక్కటిగా చివరి దాకా తొక్కండి. తర్వాత ఇంజిన్ ఆన్ చేసి స్టీరింగ్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పండి. ఎత్తు మార్చుకునే స్టీరింగ్ అయితే పైకీ కిందికీ జరపండి. డోర్ గట్టిగా వేసి తీయండి. ఎక్కడా వైరు లాగినట్టు అనిపించకపోతే, కింద పడుకుని టార్చితో ఒక్కసారి చూసి, టైల కొసలు కత్తిరించేయండి. ఇంట్లో ఇంకొకరు ఆ కారు నడుపుతుంటే వాళ్లనూ కూర్చోబెట్టి పెడల్స్ తొక్కించండి. మా ఆవిడ సీటు ముందుకు జరుపుకుంటుంది. నా మోకాలికి తగలని ప్లగ్గు తన మోకాలికి తగిలింది.

బ్యాటరీ సంగతి

పోర్ట్‌లో కరెంటు తాళం తీసినా ఉంటుంది. అందుకే డిస్‌ప్లే నిద్రపోవాలి. నిద్రలోనూ కొంత తాగుతుంది. 20 మిల్లీ యాంపియర్లు తాగుతోందనుకోండి. రోజుకు దాదాపు అర యాంపియర్-అవర్, నెలకు 14కు పైనే. చిన్న కార్లలో ఉండేవి 35 యాంపియర్-అవర్ బ్యాటరీలు. గడియారం, లాకులు, ఈసీయూ సొంతంగా తాగేది కూడా కలిపితే నెలరోజులు కదపని బండి సెల్ఫ్ తీసుకోదు. రోజూ నడిపేవాళ్లకు ఇది లెక్కలోకి రాదు. ఊరి ఇంట్లో బండి ఉంచి ఆర్నెల్లు అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు మాత్రం ప్లగ్గు పీకేసి వెళ్లమని చెప్పండి. ఆమాటకొస్తే పది రోజులు దాటే ఏ ప్రయాణానికైనా పీకేయడమే మేలు.

తాళం తీసి, డోర్లు వేసి, పావుగంట తర్వాత అద్దంలోంచి చూడండి. తెర ఇంకా వెలుగుతుంటే మెనూలో ఆఫ్ అయ్యే పద్ధతి మార్చాలి. సాధారణంగా రెండుంటాయి: వోల్టేజీ పడిపోతే ఆఫ్, ఇంజిన్ ఆర్‌పీఎం సున్నా అయితే ఆఫ్. ఇక్కడొక చిక్కుంది. ఇంధనం పొదుపు కోసం కొత్త బండ్లలో బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ అప్పుడప్పుడు చార్జింగ్ తగ్గించేస్తుంది. అప్పుడు వోల్టేజీ పద్ధతిలో ఉన్న తెర నడిరోడ్డు మీద ఆరిపోతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తానే ఆగే బండిలో ఆర్‌పీఎం పద్ధతి అదే ఇబ్బంది పెడుతుంది. మీ బండికి ఏది కుదిరితే అది పెట్టుకోండి. ఒక వారం చూస్తే తెలిసిపోతుంది.

తెర మీద ఏం పెట్టాలి

పెట్టెలోంచి తీసినప్పుడు తెర నిండా అంకెలు, రంగుల వలయాలు తిరుగుతుంటాయి. అన్నీ తీసేయండి. నా తెర మీద రెండే ఉన్నాయి: కూలెంట్ టెంపరేచర్, వోల్టేజీ. వేగం మీటర్‌లో ఎలాగూ ఉంది. వేగం కూడా పెడితే ఒక టెన్షన్ అదనం. బండి మీటర్ 80 అంటే డిస్‌ప్లే 76 అంటుంది, ఏది నిజమని ఇంట్లో వాదన మొదలవుతుంది. బండి మీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదన్నది నియమం, అందుకే కంపెనీలు కాస్త ఎక్కువ చూపేలా పెడతాయి. డిస్‌ప్లే ఈసీయూ చెప్పిన అంకెను ఉన్నదున్నట్టు చూపిస్తుంది. వెలుతురు ఆటోలో పెట్టండి. రాత్రి హైవే మీద కళ్లలో కొట్టే తెర ఉన్నదానికన్నా లేనిదే నయం.

అలారానికి షాపువాడు చెప్పిన అంకె పెట్టకండి. ముందు ఒక వారం గమనించండి. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు బయటి ఎండంత ఉంటుంది, మెల్లగా పెరిగి 80లలోనో 90లలోనో నిలబడుతుంది. ట్రాఫిక్‌లో ఇంకొంచెం పెరిగి, రేడియేటర్ ఫ్యాన్ తిరగ్గానే దిగుతుంది. ఇలా ఎక్కి దిగడం జబ్బు కాదు, ఆరోగ్యం. మధ్యాహ్నం ఏసీతో, నిండా మనుషులతో, ఎత్తు ఎక్కుతూ మీ బండి ఎక్కడిదాకా వెళ్తుందో చూడండి. మారేడుమిల్లి ఘాట్‌లోనో, శ్రీశైలం ఘాట్‌లోనో ఒక్కసారి ఎక్కితే చాలు, మీ బండి పై హద్దు తెలుస్తుంది. నాది 99. దానికి ఎనిమిది కలిపి 107కు అలారం పెట్టాను. వంద దాటగానే నీళ్లు మరుగుతాయి కదా అని భయపడనక్కర్లేదు. గ్లైకాల్ కలిసిన కూలెంట్, దాని మీద మూత వల్ల వచ్చే ఒత్తిడి, రెండూ కలిసి మరిగే స్థాయిని పైకి నెడతాయి.

అలారం మోగితే ఏసీ ఆపండి. హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి బ్లోయర్ పెంచండి. మే నెలలో నరకమే, కానీ ఆ హీటర్ ఒక చిన్న రేడియేటర్ లాంటిది, ఇంజిన్ వేడిని లోపలికి లాగేస్తుంది. భద్రంగా పక్కకు ఆపండి. అప్పటికీ అంకె దిగకపోతే ఇంజిన్ ఆపేయండి. మూత మాత్రం చల్లారేదాకా తెరవద్దు. కూలెంట్ పైకి చిమ్మి ముఖం కాలుతుంది.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. టెంపరేచర్ సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. మా బండిలో జరిగినట్టు కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సార్ గాలిలో మిగులుతుంది. అప్పుడు ఇంజిన్ మండిపోతున్నా అంకె తగ్గిపోవచ్చు. కాబట్టి నిలకడగా 92 దగ్గర ఉన్న అంకె నడుస్తుండగా ఉన్నట్టుండి 60కి పడితే "హమ్మయ్య, చల్లబడింది" అనుకోకండి. వెంటనే ఆపండి.

వోల్టేజీ సులువు. రాత్రంతా నిలిపిన బండికి ఇంజిన్ ఆన్ చేయకముందు 12.6 ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కన్నా తక్కువయితే ఆ రోజు బజార్లో ఇంజిన్ ఆపకండి. నడుస్తుండగా చాలా బండ్లలో 13.5 నుంచి 14.5 మధ్య ఉంటుంది. నేను ముందు చెప్పిన పొదుపు ఆల్టర్నేటర్ బండ్లలో అంతకన్నా తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, కంగారు పడకండి. ఎప్పుడూ 12 దగ్గరే ఉండి రోజురోజుకూ తగ్గుతుంటే ఆల్టర్నేటర్ చూపించాలి.

మైలేజీ అంకెను నమ్మే ముందు

మైలేజీ అందరికీ ఇష్టమైన అంకె, అన్నిటికన్నా అబద్ధాలాడేదీ అదే. చాలా బండ్లలో పెట్రోల్ ఎంత ఖర్చయిందో ఈసీయూ నేరుగా చెప్పదు. ఇంజిన్ ఎంత గాలి పీల్చిందో చూసి, దాన్ని 14.7తో భాగించి పెట్రోల్ లెక్క కడుతుంది ఈ డిస్‌ప్లే. అందుకే మెనూలో ఇంజిన్ సీసీ సరిగ్గా ఇవ్వాలి. డీజిల్ ఇంజిన్‌లో గాలికీ ఇంధనానికీ ఆ నిష్పత్తి స్థిరంగా ఉండదు, సీఎన్‌జీకి నిష్పత్తే వేరు. ఆ బండ్లకు ఈ అంకెను పట్టించుకోకండి.

పెట్రోల్ అయితే సరిచేసుకోవచ్చు. బంకులో ఆటో కట్ అయ్యేదాకా ఫుల్ చేయించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. వీలయినంత తిరిగి, అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ ఆటో కట్ దాకా కొట్టించండి. 520 కిలోమీటర్లకు 30.4 లీటర్లు పట్టిందనుకుంటే అసలు మైలేజీ 17.1. డిస్‌ప్లే 19.3 చూపించి ఉంటే 17.1ని 19.3తో భాగించండి, 0.886 వస్తుంది. మెనూలో దిద్దుబాటు అంకె ఉంటుంది, అక్కడ ఇది పెట్టండి. రెండు ట్యాంకుల తర్వాత మళ్లీ చూసుకోండి.

క్షణక్షణం మారే మైలేజీ అంకె ఒక పనికి మాత్రం బాగుంటుంది. ఘాట్ దిగేటప్పుడు గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే అది 99.9కి ఎగిరి కూర్చుంటుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతున్నాయి కాబట్టి ఈసీయూ పెట్రోల్ ఆపేసింది. న్యూట్రల్‌లో వేస్తే అంకె పడిపోతుంది, ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండటానికి పెట్రోల్ తాగడం మొదలుపెడుతుంది. "న్యూట్రల్‌లో దిగితే పెట్రోల్ మిగులుతుంది" అని మా బావ ఇరవై ఏళ్లుగా చేస్తున్న వాదన ఈ తెర ముందు ఆగిపోయింది. బ్రేకులు వేడెక్కకుండా గేరులో దిగడం ఎలాగూ మంచిదే.

కోడ్‌లు, సర్వీసు

చెక్ ఇంజిన్ లైటు వెలిగితే చాలా డిస్‌ప్లేలు పీ0171, పీ0300 లాంటి కోడ్ చూపించి, పక్కనే "క్లియర్" అని ఒక మీట ఇస్తాయి. ముందు కోడ్ ఫోటో తీసుకోండి. క్లియర్ నొక్కితే లైటు పోతుంది, జబ్బు పోదు. పైగా అది వచ్చినప్పుడు వేగం, వేడి ఎంతున్నాయో ఈసీయూ దాచుకున్న వివరాలూ చెరిగిపోతాయి. మెకానిక్‌కు పనికొచ్చేవి అవే. లైటు మిణుకు మిణుకుమంటుంటే ఇంజిన్ మిస్ అవుతోందని (ఇంధనం సరిగ్గా మండడం లేదని), పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ పాడయ్యే దారిలో ఉందని అర్థం. మెల్లగా ఆపండి.

సర్వీసుకు ఇచ్చే రోజు ప్లగ్గు పీకి గ్లోవ్ బాక్సులో పెట్టండి. వాళ్ల స్కానర్‌కు పోర్ట్ ఖాళీగా కావాలి. వారంటీ ఉన్న బండిలో ఏ ఎలక్ట్రికల్ తేడా వచ్చినా తప్పు ముందు బయటి వస్తువు మీదికే నెడతారు. వైరు దాని దారిలోనే ఉండనివ్వండి. బండి ఇంటికి వచ్చాక మళ్లీ ప్లగ్గు పెట్టి, మూడు పెడల్స్ ఇంకోసారి తొక్కి చూసి, అప్పుడు బయల్దేరండి.